నీళ్ళప్ప తమ్ముడి ఫారం

నేను పనిచేసిన ఆడపిల్లల హైస్కూల్లో మంచినీళ్ళ కుండల దగ్గర ఒకావిడ ఉండేది. పొద్దున్నే నూతి నుంచి తోడి నాలుగు కుండలు నింపడం, ఇంటర్వెల్లో పిల్లల దోసిళ్ళలో నీళ్ళు పొయ్యడం, సాయంత్రం కుండలు కడిగి బోర్లించి ఇంటికి వెళ్ళడం ఆవిడ ఉద్యోగం. పిల్లలు ఆవిణ్ణి నీళ్ళప్ప అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

ఎందుకు మండేదో చెప్పాలి. మా వైపు అక్కను అప్ప అంటారు. విజయనగరంలో మొదలుపెట్టి శ్రీకాకుళం జిల్లా చివరిదాకా ఏ ఇంటి గుమ్మం ముందు నిలబడి విన్నా అప్పే. మా పెద్దక్కను నేనూ పదహారేళ్ళు వచ్చేదాకా అలాగే పిలిచాను. కాలేజీలో చేరిన కొత్తలో గోదావరి వైపు నుంచి వచ్చిన ఇద్దరమ్మాయిలు ఆ మాట విని, ఏమిటే, అప్పచ్చి కావాలా అని ఏడాది పొడుగునా నన్ను ఏడిపించారు. నేను దెబ్బకి దెబ్బ తీసే మనిషినే గానీ ఆ ఒక్క విషయంలో మాత్రం చేతులెత్తేశాను. బి.ఏ. పట్టా చేతికొచ్చేసరికి ఆ మాట నా నోట్లోంచి పూర్తిగా పోయింది. పోయిందాన్ని పోనివ్వకుండా, టీచరునయ్యాక నా పిల్లల నోళ్ళలోంచి కూడా దాన్ని పీకెయ్యాలని పట్టుదల పట్టాను. వ్యాసంలో 'ఏటి' అని రాస్తే ఒక మార్కు, 'సెప్పు' అని రాస్తే ఒక మార్కు, 'అప్ప' అని రాస్తే రెండు మార్కులు తీసేసేదాన్ని. ఎర్ర సిరాతో కొట్టేసి పైన 'అక్క' అని రాసేదాన్ని. అలా ఎన్ని వేల అప్పల్ని కొట్టేశానో నాకు లెక్క లేదు.

ఒకసారి పిల్లలందరినీ కుండల ముందు వరసగా నిలబెట్టి, ఇక నుంచి ఈవిణ్ణి అక్కా అని పిలవండి అని ఆర్డరు వేశాను. నీళ్ళప్ప చెంబు కుండ మీద పెట్టి నా వైపు చూసింది.

"పంతులమ్మ గోరూ, నన్ను అక్క అంటే నాను పలకను. ఇంకెవుల్నో పిలస్తన్నారనుకుంటాను."

పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు. నా ఆర్డరు మర్నాటికి అమల్లో లేదు.

నేను చెప్పబోయేది అరవై ఏడో, అరవై ఎనిమిదో, ఆ రెండింట్లో ఒక ఏడాది సంగతి. వేసవి సెలవులు అయి స్కూలు తెరిచిన మొదటి వారంలోనే ఆవిడ రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. నేను ఊరుకోలేదు. ఎండలు ఇంకా తగ్గలేదని, పిల్లలు దాహంతో నోళ్ళు తెరుచుకుని ఉన్నారని నాలుగూ అన్నాను. ఆవిడ మొత్తం విని, కుండలు నింపి, తర్వాత వచ్చి మా స్టాఫు రూము గుమ్మం పక్కన కూర్చుంది. తమ్ముడు పోయాడని అప్పుడు చెప్పింది. సెలవుల్లో జ్వరం వచ్చి పదకొండు రోజులు పడి ఉండి పోయాడట. మొదట నాలుగు మాటలు అనేసి తర్వాత సిగ్గుపడడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆ రోజు కూడా అదే జరిగింది.

ఆవిడ కొంగుముడి విప్పి రెండు వస్తువులు నా ముందు పెట్టింది. ఒకటి రూపాయంత ఇత్తడి బిళ్ళ, దాని మీద చెక్కిన నంబరు. రెండోది ఎలకలు ఒక మూల కొట్టేసిన కాగితం ముక్క.

తమ్ముడు శృంగవరపుకోట దారిలో ఉన్న ఒక నార మిల్లులో పన్నెండేళ్ళు పనిచేశాడు. మిల్లులో మనిషిని పేరు పెట్టి పిలిచేవారు కాదు, బిళ్ళ నంబరుతో పిలిచేవారు. పొద్దున్న గేటు దగ్గర బిళ్ళ చూపిస్తేనే లోపలికి రానిచ్చేవారు. తర్వాత మిల్లు మూతపడింది. అతను మార్కెట్లో బస్తాలు మోస్తూ అక్క ఇంట్లోనే ఉండిపోయాడు. పెళ్ళి చేసుకోలేదు. పదో రోజున భోజనానికి వచ్చిన ఒక పాత మిల్లు కూలీ, మీ తమ్ముడి కోత డబ్బులు తెచ్చుకున్నావా అని అడిగాడట. మనం ప్రావిడెంట్ ఫండ్ అనేదాన్ని మిల్లు వాళ్ళు కోత అనేవారు. నెల నెలా జీతంలో కోసేవారు కనక కోత. ఎప్పుడిస్తారో, ఎవరిస్తారో ఎవరికీ తెలియదు. కోశారన్నది మాత్రం అందరికీ తెలుసు.

ఎంతుంటుందో నాకు తెలియదని ముందే చెప్పాను. ఆవిడ ఎంత అని అడగనే లేదు.

"ఈ ఏడు ఇంటి మీద కప్పు మార్పించాలి. తాటాకు అంతా సివికిపోనాది. ఆడి డబ్బుతో కప్పిస్తే, ఆడే కప్పించినట్టుంటాది."

ఆ మాటతో నేను ఇరుక్కున్నాను. మా ఆయన, నీకెందుకీ తద్దినం, ఆఫీసుల సంగతి నీకు తెలియదు అన్నారు. నాకు తెలియదని ఎవరైనా అంటే ఆ పని నేను చేసి తీరతాను. ఇరవై ఏళ్ళు కాపురం చేసి కూడా ఆయన ఆ సంగతి కనిపెట్టలేకపోయారు.

ఎలకలు కొట్టిన కాగితం మీద ఖాతా నంబరులో సగమే మిగిలింది. ఆదివారం పూట బస్సెక్కి మిల్లుకి వెళ్ళాం. ఒకప్పుడు యంత్రాలున్న పెద్ద షెడ్డులో వేరుశెనక్కాయలు ఆరబోసి ఉన్నాయి. ఎవరో షావుకారు గోదాముకి తీసుకున్నాడట. కాపలా మనిషి ముందు మమ్మల్ని గేటు దాటనివ్వలేదు. నేను ఒక్క మాట అనేలోపల నీళ్ళప్ప బిళ్ళ తీసి చూపించింది. అది చూడగానే ఆ ముసలాయన మొహం మారిపోయింది. ఆయనా అదే మిల్లు మనిషి. తన గుడిసెలోకి వెళ్ళి తన కాగితం తెచ్చి చూపించాడు. దాని మీద మొదట మిల్లు నంబరు, గీత, ఆ గీత తర్వాత ఆయన బిళ్ళ నంబరు. అంతే. ఖాతా నంబరంటే మిల్లు నంబరు, దాని పక్కన బిళ్ళ నంబరు. ఎలకలు తిన్న సగం మా చేతిలో ఇత్తడి మీద చెక్కి ఉంది.

మీదీ తెచ్చుకోలేదా అని అడిగితే, ఎవులు రాస్తారమ్మా అన్నాడు. ఆయనదీ రాసిస్తానన్నాను. తర్వాత రాశాను కూడా. కాయితాల సంగతి ఏదైనా తేడా వస్తే అరవ గుమస్తాగారిని అడగండి, ఆయన విజయనగరంలోనే కోట వెనక ఉంటాడు, మా అందరి ఫారాలూ నింపింది ఆయనే అని కూడా చెప్పాడు. అప్పటికి ఆ మాట నేను అంతగా పట్టించుకోలేదు.

ప్రావిడెంట్ ఫండ్ వాళ్ళ పెద్దాఫీసు హైదరాబాదులో ఉండేది. ఉత్తరం ఇంగ్లీషులో రాశాను. చనిపోయినట్టు మునసబు ఇచ్చిన కాగితం, నీళ్ళప్ప వేలిముద్ర, మా హెడ్మిస్ట్రెస్ సంతకం అన్నీ జతచేశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. మూడోసారి రాసినప్పుడు మర్యాదగా మొదలుపెట్టి మర్యాద లేకుండా ముగించాను. దానికి జవాబు వచ్చింది. ఈలోపల వానలు మొదలయ్యాయి. నీళ్ళప్ప ఇంట్లో ఎక్కడ కారితే అక్కడ కుండలు పెట్టుకుని కాలక్షేపం చేస్తోంది. ఇక్కడా కుండలే, అక్కడా కుండలే అని తనే నవ్వేది.

ఉత్తరం స్కూలు చిరునామాకి వచ్చింది. ఇంటర్వెల్లో కుండల దగ్గరికే తీసుకెళ్ళి చదివి అర్థం చెప్పాను. ఖాతా ఉంది. డబ్బూ ఉంది. కానీ నా తర్వాత ఇది ఫలానా వారికి ఇవ్వండి అని చందాదారుడు, అంటే ఈవిడ తమ్ముడు, రాసిచ్చిన ఫారంలో ఉన్నది తండ్రి. కాబట్టి తండ్రి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆయన లేకపోతే, లేడని రుజువు చూపించి కోర్టు నుంచి వారసత్వపు సర్టిఫికెట్టు తేవాలి.

నేను చెప్పుకుంటూ పోతున్నాను, ఇదేమంత పెద్ద చిక్కు కాదు, కాస్త ఖర్చవుతుంది, నెలలు పడుతుంది అని. ఆవిడ ఎవరో పిల్లకి నీళ్ళు పోస్తోంది. దోసిలి నిండి నీళ్ళు కిందికి కారిపోతున్నా చెంబు ఎత్తలేదు.

"అయ్య పేరు రాసినాడా" అంది.

అవునన్నాను.

ఆవిడ సాయంత్రం గంట కొట్టకముందే కుండలు బోర్లించి వెళ్ళిపోయింది. మర్నాడు నేనే గుచ్చి గుచ్చి అడిగితే కొంచెం కొంచెంగా చెప్పింది. తండ్రి రంగం పోయాడు. మా వైపు నుంచి రంగూన్ ఓడ ఎక్కనివాళ్ళున్న ఊరు ఆ రోజుల్లో తక్కువ. అప్పటికి ఈవిడకి పదేళ్ళు, తమ్ముడికి ఏడాది. పోయినవాళ్ళు కొందరు డబ్బు పంపారు, కొందరు తిరిగొచ్చారు. ఈయన రెండూ చెయ్యలేదు. అక్కడ ఇంకో సంసారం పెట్టాడని తిరిగొచ్చినవాళ్ళు చెప్పారు. తల్లి మూడేళ్ళకి పోయింది. పదమూడో ఏట పెళ్ళయి అత్తారింటికి వెళ్ళినప్పుడు ఈవిడ చంకలో తమ్ముడున్నాడు. కొత్త కోడలు పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చిందని వీధి వీధంతా చూడ్డానికి వచ్చారట.

"ఆడికి అయ్య మొకం తెలీదు. నాను తినిపిస్తే తిన్నాడు, నాను తొడిగితే తొడుక్కున్నాడు. పోనీలెండి. కన్నోడు కన్నోడే గదా."

అది కోపం అయితే నాకు నయంగా ఉండేది. కోపంతో ఎలా మాట్లాడాలో నాకు తెలుసు. ఆవిడ బిళ్ళ మళ్ళీ కొంగున ముడేసుకుని, ఇంక ఉత్తరాలు రాయొద్దని చెప్పింది. ఆ డబ్బుతో ఇల్లు కప్పించనంది.

నేను వారం రోజులు వాదించాను. నలభై ఏళ్ళు కబురు లేని మనిషిని చట్టం పోయినట్టే లెక్కేస్తుందని చెప్పాను. తండ్రి పేరు రాయడం ఆ రోజుల్లో మామూలని, అది ప్రేమా కాదు, ద్రోహమూ కాదని చెప్పాను. తండ్రి తర్వాత వారసురాలు ఎలాగూ నువ్వేనని, ఏ దారిన వెళ్ళినా డబ్బు నీ దగ్గరికే వస్తుందని తర్కం చెప్పాను. ఆవిడ కుండ తోముతూ అన్నీ విన్నది.

"మీకు సట్టం తెలుసు పంతులమ్మ గోరూ. నాకు ఆడు తెలుసనుకున్నాను."

ఆ రోజు పదో తరగతి వాళ్ళ మీద ఊరికే విసుక్కున్నాను.

అప్పుడు గుర్తొచ్చాడు అరవ గుమస్తా. ఫారం నింపిన మనిషి కనక ఆ కుర్రాడు ఏ పరిస్థితుల్లో తండ్రి పేరు చెప్పాడో ఆయనకు గుర్తుండొచ్చు. తప్పనిసరిగా ఎవరో ఒక మగాడి పేరే రాయాలన్నారేమో. ఏదైనా ఒక సాకు దొరికితే చాలు, తెచ్చి ఈవిడ చేతిలో పెడదామని నా ఆశ. ఆవిడతో మాత్రం నిజం చెప్పలేదు. ఇంకొక్క వేలిముద్ర కావాలిట, వేసేస్తే వాళ్ళే కాగితాలు మూసేస్తారు అన్నాను. అబద్ధమాడి ఆవిణ్ణి రిక్షా ఎక్కించాను.

గుమస్తాగారిది కోట వెనక సందులో చిన్న పెంకుటిల్లు. మనిషి సన్నగా, తెల్లగా ఉతికిన పంచెతో, నుదుట విభూతితో ఉన్నారు. మద్రాసు రాజధాని రోజుల్లో తంజావూరు వైపు నుంచి ఈ మిల్లుకి వచ్చి, మిల్లు మూతపడ్డాక కూడా ఇక్కడే ఉండిపోయారు. ఆయన తెలుగు పుస్తకంలోంచి చదివినట్టు ఉండేది, ఒక్క అక్షరం జారేది కాదు. నాకు చాలా ముచ్చటేసింది. ఈయన నా క్లాసులో ఉంటే నూటికి నూరు వేసేదాన్ని అనుకున్నాను. నేను కుర్చీలో కూర్చున్నాను. నీళ్ళప్పని కూడా బెంచీ మీద కూర్చోమన్నారు గానీ ఆవిడ అరుగు మీద స్తంభానికి ఆనుకుని కింద కూర్చుంది.

సంగతి చెప్పాను. బిళ్ళ నంబరు చూసి ఆయన లోపలి నుంచి ఒక ట్రంకుపెట్టె తెచ్చారు. మిల్లు మూసేటప్పుడు యజమానులు ఫైళ్ళు పొయ్యిలో పెడుతుంటే చూడలేక, ఫారాల నకళ్ళు మాత్రం తన ఇంటికి తెచ్చుకున్నారట. వెతికి తీశారు. ఇంగ్లీషు ఫారం, ముత్యాల్లాంటి దస్తూరీ. చందాదారుడి పేరు, పక్కన డబ్బు చెందవలసినవారి పేరు. ఆ పేరు మా వైపు ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ పెట్టే అమ్మవారి పేరు, అదీ మొదటి రెండక్షరాలు రాసి చుక్క పెట్టేశారు. నీళ్ళప్ప అసలు పేరూ, వాళ్ళ తండ్రి పేరూ రెండూ దానితోనే మొదలవుతాయి. దాని పక్కన బంధుత్వం గడిలో తండ్రి అని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది.

"ఇది నేనే రాశాను తల్లీ. నేను ఉద్యోగంలో చేరిన మొదటి నెల. కోత అప్పుడే కొత్తగా మొదలయింది. ఒక్కొక్కణ్ణీ పిలిచి, నీ తరవాత ఈ ధనము ఎవరికి చెందవలెను అని అడిగాను. వాడు చెప్పని మాట ఒక్కటి కూడా నేను రాయలేదు."

ఆయన గొంతులో ఎవరో తనని దొంగా అన్నంత నొప్పి ఉంది. నేను సాకు వెతుక్కుంటూ ఒకటి రెండు ప్రశ్నలు వేశాను. మగవాళ్ళ పేరే ఉండాలన్న రూలేదైనా ఉందా అన్నాను. లేదన్నారు. ఎవరైనా పక్కన నిలబడి చెప్పించారా అన్నాను. లేదన్నారు. ఇంక అడగడానికేమీ లేదు. నీళ్ళప్ప వీధి వైపు చూస్తూ కూర్చుంది. లేచి వెళ్ళిపోదామని నేను సంచీ తీసుకున్నాను.

లోపలి నుంచి ఆయన కూతురు కాబోలు, అప్పా అని పిలిచింది. వెనక ఏదో అరవంలో అంది. గుమస్తాగారు ఫారాన్ని జాగ్రత్తగా మడత పెట్టుకుంటూ పలకలేదు. ఆ అమ్మాయి మళ్ళీ అప్పా అంది.

నీళ్ళప్ప గుమ్మంలోకి తొంగి చూసింది. తర్వాత నా వైపు వంగి మెల్లగా అంది.

"పాపం, ఆ గుంట వాళ్ళప్పని పిలస్తన్నాది. పలకదేటి?"

అంతలో గుమస్తాగారు తలెత్తి, వస్తున్నానని లోపలికి తమ భాషలో జవాబు చెప్పారు.

"మరి ఈయన పలుకుతాడేటి?" అంది నీళ్ళప్ప.

నేను సంచీ కింద పెట్టేశాను. అప్ప అన్న మాట రోజుకి వందసార్లు విన్నదాన్ని. దాన్ని ఎర్ర సిరాతో కొట్టెయ్యడమే వృత్తిగా పెట్టుకున్నదాన్ని. ఆ మాటకి ఇంకో ఊళ్ళో ఇంకో అర్థం ఉందని కాలేజీలో చదువుకున్న నాకు తట్టలేదు. చదువు రాని ఈవిడ మాత్రం, పిలిస్తే ఎవరు పలకాలో వాళ్ళు పలకలేదేమిటా అని అడిగింది.

"అయ్యా, మీ అమ్మాయి ఎవరిని పిలిచింది?" అన్నాను.

"నన్నే."

"మీరు ఆమెకి ఏమవుతారు?"

ఆయన నా బుద్ధి సరిగ్గా ఉందా అన్నట్టు చూశారు. "తండ్రిని" అన్నారు.

"ఈవిడ తమ్ముడు ఈవిణ్ణి ఏమని పిలిచేవాడో ఒకసారి అడగండి."

ఆయన అడగకుండానే నీళ్ళప్ప చెప్పింది. "అప్ప అనే. మరేటంటాడు."

ఆయన చేతిలో ఫారం మళ్ళీ విప్పుకుంది. నేను లేచి వెళ్ళి ఆయన భుజం పక్కన నిలబడ్డాను. బంధుత్వం గడి పక్కనే వయసు గడి ఉంది. అంతసేపూ దాన్ని ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. చందాదారుడి వయసు ఇరవై ఏడు. డబ్బు చెందవలసిన తండ్రి వయసు ముప్ఫై ఆరు.

"తొమ్మిదేళ్ళకే కొడుకుని కన్నాడండీ ఈ తండ్రి" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆ పెద్దమనిషి కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు, ఎంతసేపటికీ ఆపలేదు.

తర్వాత ఆయన మాట్లాడిన తెలుగు పుస్తకంలోది కాదు. అప్పటికి నేను ఈ ఊరు వచ్చిన కొత్త అమ్మా, అన్నారు. మా అప్ప పేరు రాయండి బాబూ అన్నాడు, నాకు ఆ ఒక్క మాట తెలిసినట్టే వినపడింది, చుట్టూ ఎవరి మాటా తెలియని చోట ఆ ఒక్కటీ మా ఇంటి మాటలా ఉంది, రాసేశాను. వయసు అడిగితే వేళ్ళు మడిచి లెక్కపెట్టి, నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద అన్నాడు, అదీ రాసేశాను. అప్ప అంటే మీ వాళ్ళకి ఎవరో తర్వాత నాకు తెలిసింది. తెలిసేసరికి ఫారాలు వెళ్ళిపోయాయి. వాటి సంగతి మళ్ళీ తలుచుకోలేదు.

నీళ్ళప్ప స్తంభం దగ్గరి నుంచి లేచి నిలబడింది.

"అయితే ఆడు నన్నే సెప్పినాడా?"

"నిన్నే చెప్పాడమ్మా. నేను తప్పు రాశాను."

నేను ఆవిడ ఆయన్ని తిడుతుందనుకున్నాను. తిట్టాలని కూడా కొంచెం కోరుకున్నాను. నేనైతే తిట్టేదాన్ని. ఆ వారం రోజులూ ఆవిడ ఎలా తిరిగిందో చూసినదాన్ని కదా.

"పోనీలెండి బాబూ" అంది. "మీకు మీ అయ్య గురుతొచ్చుంటాడు. దూరం వచ్చేసినారు గదా."

కూతురు రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చింది. గుమస్తాగారు మూడోది కూడా తెమ్మన్నారు. నీళ్ళప్ప కాఫీ తాగి, ఒకళ్ళకి నీళ్ళు పొయ్యడమే గానీ నాకు ఇంకోళ్ళు పోసి ఎన్నాళ్ళయిందో అంది. తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో ఆవిడ కొంగుముడి విప్పి బిళ్ళ తీసి, దారి పొడుగునా బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం, వేలిముద్ర ఎయ్యలేదు గదా, మరెందుకు తీసుకెల్లినారు అని అడిగింది. అబద్ధమాడానని ఒప్పుకున్నాను. పంతులమ్మలు కూడా ఆడతారేటి అంది.

గుమస్తాగారు ఆ మర్నాడే మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి, తన చేత్తో రాసిన వాంగ్మూలం తెచ్చి నాకిచ్చారు. చందాదారుడు పలికిన పదం ఇది, ఈ ప్రాంతంలో దాని అర్థం ఇది, నా మాతృభాషలో అర్థం వేరు, దోషం నాది అని అందులో ఉంది. ఇంత ఒప్పుకోవడం అవసరం లేదు, అర్థం తేడా వచ్చింది అంటే చాలు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. అక్కడితో ఆగలేదు కూడా. ఆ నెలంతా ట్రంకుపెట్టె ముందు కూర్చుని నకళ్ళన్నీ తిరగేసి, మరీ చిన్నవాళ్ళయిన తండ్రుల్ని ఏరారు. ఇంకో నలుగురు తేలారు. వాళ్ళ ఊళ్ళు వెతుక్కుంటూ బస్సుల్లో తిరిగారు. మీ అప్ప ఉన్నదా అని ఇంటింటా ఆయన పుస్తకాల తెలుగులో అడిగితే జనం ఏమనుకున్నారో నాకు తెలియదు. ఒకచోట మాత్రం, ఉందండి, మీకెందుకు అని కర్ర పట్టుకుని వచ్చారని ఆయనే చెప్పి నవ్వారు.

హైదరాబాదు నుంచి జవాబు రావడానికి ఆ వానాకాలం అయిపోయింది, చలి కూడా వచ్చింది. ఇంకో రెండుసార్లు నేను ఘాటుగా రాయాల్సి వచ్చింది. ఈలోపల స్కూల్లో ఒక సంగతి జరిగింది. అర్ధ సంవత్సరపు పరీక్షల్లో ఏడో తరగతి పిల్ల ఒకతె ఇంటి గురించి వ్యాసం రాస్తూ, మా అప్ప నాకు జడ వేస్తుంది అని రాసింది. ఎర్ర సిరా కలం ఆ మాట మీద పెట్టి కాసేపు కూర్చున్నాను. మార్కులు తియ్యలేదు. తియ్యకపోవడానికి కారణం అడిగితే మా హెడ్మిస్ట్రెస్‌కి ఏం చెప్పాలో మాత్రం ఇప్పటికీ తెలియదు. నా వాదనలన్నీ వ్యాకరణం వైపే ఉన్నాయి.

జవాబు వచ్చిన రోజు ఇంటర్వెల్లో కాకుండా, పిల్లలందరూ వెళ్ళిపోయాక కుండల దగ్గరికి వెళ్ళాను. కిందటిసారి అందరి ముందూ చదివినందుకు నాకు ఇంకా సిగ్గుగానే ఉంది. నీళ్ళప్ప చేతులు తుడుచుకుని అరుగు మీద కూర్చుంది. డబ్బు వస్తోందని, పోస్టులో మనియార్డరుగా వస్తుందని, వేసవి లోపల ఇల్లు కప్పించుకోవచ్చని ముందు చెప్పాను. తలూపింది. ఆవిడ అడగవలసింది ఇంకా అడగలేదని నాకు తెలుసు.

"ఆడి కాయితంలో ఇప్పుడేటి రాసుంది? అది సదవండి."

ఇంగ్లీషులో ఉన్నదాన్ని మంచి తెలుగులోకి మార్చి చదివాను. "చందాదారుని నామినేషను ఫారములో తండ్రి అని ఉన్నచోట అక్క అని సవరించడమైనది."

ఆవిడ మొహం చిట్లించింది.

"అక్క అని ఉందేటి?"

"అవును. అక్క అనే ఉంది."

"ఆడు అక్క అనడు పంతులమ్మ గోరూ. సరిగ్గా సదవండి."

ఇంగ్లీషు కాగితంలో ఏముందో, దానికి ఎన్ని అర్థాలున్నాయో వివరించబోయి ఊరుకున్నాను. కాగితం మళ్ళీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, మొదటి నుంచి చదివాను. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి కాగితం మీద వేలు పెట్టాను. ముప్ఫై ఏళ్ళయింది నేను దాన్ని పలికి.

"తండ్రి అని ఉన్నచోట అప్ప అని సవరించడమైనది" అని చదివాను.

"అదీ" అంది నీళ్ళప్ప. లేచి, బోర్లించిన కుండని తిప్పి పెట్టి, నాకు నీళ్ళు పోసింది.